వరదకు లేని సిగ్గు నల్లికెందుకు?

రాత్రి రెండున్నర. విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో ఓ చిన్న డాబా ఇల్లు. వీధిలో కుక్కలు కూడా పడుకున్నాయి. ఆవిడ మాత్రం మంచం మీద లేచి కూర్చుంది. లైటు వేస్తే ఆయన లేస్తాడు. అందుకే సెల్‌ఫోన్ టార్చి వెలిగించి, దిండు మెల్లగా పక్కకు జరిపింది. పరుపు అంచు కుట్టు దగ్గర వేలితో మడత విప్పింది. కందిబద్దంత ఉన్న ఎర్రటి పురుగొకటి గబగబా పాకుతూ పోయి మంచం పట్టె సందులో దూరింది. దాని వెనకే ఇంకొకటి. ఈసారి వదల్లేదు. బొటనవేలితో నొక్కేసింది. దుప్పటి మీద రక్తపు మరక. వేలికి ఓ పాడు వాసన.

ఆ వాసన ఆవిడకు కొత్త కాదు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింట్లో, నులక మంచాల మీద పీల్చిన వాసనే. నల్లి!

ఇది 2024 డిసెంబరు మాట. అప్పటికి ఇరవై రోజుల నుంచీ చేతుల మీద, మెడ దగ్గర వరసగా మూడేసి, నాలుగేసి దద్దుర్లు. డాక్టరుకు చూపిస్తే ‘అలర్జీ’ అని మాత్రలు రాశారు. వంకాయ మానేసింది. సబ్బు మార్చింది. దురద మాత్రం తగ్గలేదు. ‘నన్నేం కుట్టట్లేదే, దోమలేమో!’ అనేవాడు ఆయన. ఆయన్నీ కుడుతూనే ఉన్నాయి. కాకపోతే నల్లి కాటుకు అందరి ఒళ్లూ ఒకేలా పొంగదు. కొందరికి చిన్న మచ్చయినా కనిపించదు.

ఏమిటో తెలిసింది కదా, హాయిగా ఊపిరి పీల్చుకోవాలి. ఆవిడ మాత్రం చీకట్లో కూర్చుని ఏడ్చింది. ఎందుకంటే పెద్దమ్మాయికి ఏడో నెల. తొలి కాన్పు. సంక్రాంతి వెళ్లగానే పుట్టింటికి తీసుకురావాలి. ఫిబ్రవరి ఆఖర్లో పురుడు. ఈ మంచం మీదా బాలింతను పడుకోబెట్టేది? ఈ పరుపు మీదా పసిగుడ్డును వేసేది?

వీధిలో పరుపులు

అసలా మంచం ఎలా వచ్చిందో చెప్పాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచేసింది. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. 1957లో బ్యారేజీ వచ్చాక అంత వరద ఎన్నడూ చూడలేదు. కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. పడవల్లో పాలప్యాకెట్లు, డ్రోన్ల మీద అన్నం పొట్లాలు. నీళ్లు తీశాక ఫైరింజన్లు వచ్చి ఇళ్లలో బురద కడిగాయి. ప్రతి గుమ్మం ముందూ ఒకటే దృశ్యం... నానిపోయిన పరుపులు, ఉబ్బిపోయిన చెక్క అలమరలు, బురద కారుతున్న ఫ్రిజ్‌లు. ఎవరింట్లో ఏముందో వీధంతా చూసింది. ఎవరూ సిగ్గుపడలేదు. ‘మీ పరుపూ పోయిందా?’ ‘మీ టీవీ?’ అని ఒకరినొకరు పలకరించుకున్నారు. ఒకరింట్లో పొయ్యి వెలిగితే నలుగురిళ్లకు టీ వెళ్లింది.

ఆ తర్వాత మళ్లీ సంసారం మొదలుపెట్టాలి. ఆయన ఆటోనగర్‌లో లేత్ పని చేస్తాడు. ఒకేసారి అన్నీ కొత్తవి కొనే స్తోమత ఎక్కడిది? పాత సామాన్ల కొట్టులో చెక్క డబుల్‌కాట్, దానితోపాటే వాడిన పరుపు బేరమాడి తెచ్చారు. చూడ్డానికి శుభ్రంగానే ఉంది. ఎండలో ఓ పూట ఉంచి, తుడిచి వాడుకున్నారు. ఆ మంచం పట్టెల సందుల్లో ఎవరున్నారో ఎవరికి తెలుసు!

వరదప్పుడు పరుపు వీధిలో వేసిన మనిషే ఇప్పుడు దిండుగలేబు కూడా డాబా మీద ఆరేయడం మానేసింది. నల్లి మరక ఎవరి కంటనైనా పడితే? పక్కింటావిడ వస్తే మంచం మీద కూర్చోనివ్వకుండా ప్లాస్టిక్ కుర్చీ వేసేది. ఆడపడుచు ఫోన్ చేసి, ‘వదినా, సంక్రాంతికి మీ ఇంటికే వస్తాం’ అంటే, ‘మేమే ఊరెళ్దామనుకుంటున్నాం అమ్మాయ్’ అని నోటికొచ్చిన అబద్ధం ఆడేసింది. ఏలూరులో ఉన్న వియ్యపురాలి ఫోన్ మోగితే గుండె దడ. ‘నల్లులున్న ఇల్లు’ అనే మాట ఎంత చిన్నదో, అంత కుడుతుంది మరి.

దేవుళ్లనూ వదల్లేదు

నిజానికి నల్లి మన సాహిత్యానికి పాత చుట్టమే. శివుడు కొండెక్కి పడుకున్నా, సూర్యచంద్రులు ఆకాశంలో కాపురం పెట్టినా, విష్ణుమూర్తి పాము మీద పవళించినా కారణం ఒక్కటేనట... నల్లి బాధ పడలేకే! తెలుగువాళ్లు తరతరాలుగా చెప్పుకుని నవ్వుకునే చాటుపద్యం తాత్పర్యమిది. దేవుళ్లకే తప్పనప్పుడు మనుషులెంత అన్న ఓదార్పూ అందులో ఉంది.

పంచతంత్రంలో ఇంకో కథ. రాజుగారి పాన్పులో కాపురముంటున్న పేను ఒకటి, దారిన పోయే నల్లికి ఆతిథ్యమిస్తుంది. ‘రాజుగారు నిద్రపోయాకే కుట్టు’ అని షరతు పెడుతుంది. నల్లి ఆగలేక ముందే కుడుతుంది. రాజు కేకలేస్తాడు. సేవకులు దీపాలు తెచ్చి వెతుకుతారు. నల్లి సందులోకి జారుకుంటుంది. దుప్పటి మడతలో ఉన్న పేను దొరికిపోయి ప్రాణం పోగొట్టుకుంటుంది. కుట్టింది ఒకరు, శిక్ష ఇంకొకరికి! ఇప్పటికీ అంతే. నల్లి సందులో క్షేమంగా ఉంటుంది. ‘ఇల్లు శుభ్రంగా ఉంచుకోదు’ అన్న నింద ఇల్లాలి నెత్తిన పడుతుంది.

అసలు శుభ్రతకూ నల్లికీ లంకె లేదు. దానిక్కావలసింది మురికి కాదు, మనిషి నెత్తురు. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడునూ, ఒంటి వేడినీ పసిగట్టి వస్తుంది. పట్టుపరుపైనా ఒకటే, చిరుగుచాపైనా ఒకటే. 2023 శరదృతువులో ప్యారిస్ నగరం నల్లులతో గగ్గోలెత్తింది. మర్నాటి వేసవిలో ఒలింపిక్స్ పెట్టుకున్న నగరం అది! మెట్రో రైలు సీట్లలో ఉన్నాయని జనం నిలబడి ప్రయాణం చేశారు. అదే ఏడాది దక్షిణ కొరియానూ ఇదే బెంగ పట్టుకుంది. పెట్టెల్లో, పాత సామాన్లలో, ప్రయాణికుల సంచుల్లో టిక్కెట్టు లేకుండా తిరిగే జీవి అది. ఎవరింటికైనా వస్తుంది.

ఇంకో భయం కూడా ఉంటుంది చాలామందికి, రోగాలు తెస్తుందేమోనని. 1907లో మద్రాసులో డబ్ల్యూ.ఎస్.ప్యాటన్ అనే శాస్త్రవేత్త కాలా అజార్ జ్వరాన్ని మోసుకొచ్చేది నల్లేనని అనుమానించారు. 1942 నాటికి గానీ ఆ నింద పోలేదు. అసలు దోషి శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ అని అప్పుడు తేలింది. కుట్టడం వల్ల మనుషులకు రోగాలు అంటిస్తుందని ఇప్పటికీ రుజువు కాలేదు. అది చేసే అసలు నష్టం దురద, నిద్రలేమి, ఆ తర్వాత... ఒంటరితనం.

అత్తగారి మాట

క్రిస్మస్ సెలవులకు పామర్రు దగ్గర పల్లె నుంచి అత్తగారు వచ్చింది. ఎనభైకి దగ్గరపడుతున్న మనిషి. మొదటి రాత్రికే పట్టేసింది. పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకుంటూ, ‘ఏమ్మా, మంచంలో నల్లులున్నాయే’ అంది, వానొచ్చేట్టుందే అన్నంత మామూలుగా.

కోడలు తలుపు దగ్గరికి వేసింది. ‘అత్తయ్యా, గట్టిగా అనకండి. పక్కవాళ్లు వింటారు.’

ముసలావిడ ఫక్కున నవ్వింది. ‘వింటే విననీ. మా రోజుల్లో నల్లులున్నాయని వీధిలో మంచం వేసి మరీ చెప్పేవాళ్లం కదే! ఎండాకాలం ఒక రోజు అనుకునేవాళ్లం. వీధి వీధంతా మంచాలు బయటికొచ్చేవి. డేగిసాల్లో నీళ్లు మరిగించి కోళ్ల సందుల్లో పోసేవాళ్లం. మంచాన్ని నేలకేసి కొడితే రాలేవి, తొక్కేసేవాళ్లం. ఒక్కింట్లో చేస్తే ఏం లాభం? పక్కింట్లోంచి మళ్లీ వస్తాయిగా!’

కోడలికి ఆ ఆఖరి మాట దగ్గర మనసు ఆగిపోయింది. వాళ్ల వరసలో నాలుగిళ్లు. నాలుగింటికీ గోడలు ఒకటే.

ముసలావిడే డీడీటీ రోజులూ గుర్తుచేసుకుంది. ‘మలేరియా వాళ్లొచ్చి గోడలకు మందు కొట్టేవాళ్లు. మొదట్లో దోమలతోపాటు నల్లులూ చచ్చేవి. అబ్బో, పండగే! కొన్నేళ్లకు మందు కొట్టిన రాత్రే అవి మరీ రెచ్చిపోయేవి. మా నాన్న తలుపేసుకుని రానివ్వనన్నాడు.’

ఇది ముసలావిడ చాదస్తం కాదు. డీడీటీ పురుగుల్ని చంపుతుందని స్విట్జర్లాండ్‌కు చెందిన పాల్ ముల్లర్ 1939లో కనిపెట్టారు. 1948లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై ఇంటింటికీ డీడీటీ చేరింది. నల్లులు చావడం చూసి జనం సంబరపడి తలుపులు తీశారు. కానీ నల్లి అప్పటికే పాఠం నేర్చుకుంటోంది. డీడీటీకి లొంగని నల్లులు 1947లోనే హవాయి దీవుల్లో బయటపడ్డాయి. తర్వాత మన దగ్గరా అదే జరిగింది. మందు వాటిని చంపడం మానేసి చిరాకు పెట్టడం మొదలుపెట్టింది. సందుల్లోంచి బయటికొచ్చి మరీ కుట్టేవి. దాంతో మలేరియా సిబ్బందిని గుమ్మం దగ్గరే ఆపేసినవాళ్లు దేశమంతటా ఉన్నారు. ఇప్పుడు ఇళ్లలో కొట్టే చాలా స్ప్రేల్లో ఉండే పైరిత్రాయిడ్ మందులకూ నల్లులు అలాగే అలవాటుపడ్డాయి.

మూత తీయని సీసా

ఈలోపు ఆయన తన దారి తాను వెతుక్కున్నాడు. ఊళ్లో తమ్ముడి దగ్గర్నుంచి పొలానికి కొట్టే మందు సీసా తెచ్చాడు. డెల్టాలో వరి వేసే ప్రతి ఇంటా పురుగుమందు ఉండేదే. ‘ఒక్క మూత నీళ్లలో కలిపి పరుపుకు కొట్టామంటే పొద్దుటికి ఒక్కటి మిగలదు’ అన్నాడు. ధాన్యం నిల్వల్లో పెట్టే బిళ్లలైతే ఇంకా బాగా పనిచేస్తాయని ఆటోనగర్‌లో ఎవరో చెప్పారట. అవీ తెస్తానన్నాడు.

ఆవిడ సీసా చేతిలోకి తీసుకుంది. లేబులు మీద పుర్రె బొమ్మలాంటి హెచ్చరిక. ‘ఏమండీ, పసిపిల్ల ముక్కు పరుపుకానించి పడుకుంటుంది. అది పీల్చేది ఈ మందేగా?’ ఆయన మాట్లాడలేదు. సీసా మూత తీయకుండానే తిరిగి ఊరెళ్లింది.

ఆ ఒక్క ప్రశ్న ఆ ఇంటిని ఎంత ప్రమాదం నుంచి తప్పించిందో చెప్పాలంటే ఈజిప్టు దాకా వెళ్లాలి. 2018లో హుర్ఘాదా అనే ఊళ్లో ఓ హోటల్ గదిలో నల్లులకు మందు కొట్టారు. తలుపు సందుల్లోంచి ఆ ఆవిరి పక్కగదిలోకి పాకింది. అందులో నిద్రపోయిన బ్రిటిష్ దంపతులిద్దరూ తెల్లవారాక చనిపోయారు. కారణం ఆ మందేనని బ్రిటన్‌లో విచారణాధికారి 2023లో తేల్చారు. ఇక ధాన్యం బిళ్లల సంగతి. అల్యూమినియం ఫాస్ఫైడ్‌కు గాలిలోని తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. దానికి విరుగుడు మందు లేదు. గోదాములకు మాత్రమే ఉద్దేశించిన సరుకది, అదీ శిక్షణ ఉన్నవాళ్ల చేతుల్లోనే. నల్లి దురద పెడుతుందే కానీ ప్రాణం తీయదు. ప్రాణం తీసేది దాని మీద కోపంతో మనం తెచ్చే సీసా.

నాలుగిళ్లు, ఒకే ఆదివారం

వీధి చివర మలేరియా విభాగంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. మొత్తానికి ఆవిడ ధైర్యం చేసి వెళ్లింది. ‘అన్నయ్యగారూ...’ అని మొదలుపెట్టి, మిగతా మాట నోరు దాటడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆయన తాపీగా విని, ‘ఈ నెలలో నువ్వు మూడోదానివమ్మా. ముగ్గురూ ఇంకెవరికీ చెప్పొద్దనే అన్నారు’ అని నవ్వారు. ఆ మూడిట్లో ఒకటి సరిగ్గా ఆవిడ పక్కిల్లే! ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు దుప్పట్లు ఇంట్లోనే ఆరేసుకుంటున్నారన్నమాట.

పెద్దాయన చెప్పిన లెక్క సులువైనదే. ఓపికే కావాలి. ఆడ నల్లి రోజుకు కొన్ని చొప్పున గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఒక్కో గుడ్డు మిల్లీమీటరు. తెల్లగా, సందుల్లో జిగురుతో అంటుకుని ఉంటుంది. వారం పది రోజుల్లో పిల్లవుతుంది. ఆ పిల్ల పెద్దదయ్యేలోపు అయిదుసార్లు కుబుసం విడుస్తుంది. ప్రతిసారీ ముందు నెత్తురు తాగాల్సిందే. అంటే ఒక్కరోజు యుద్ధం చేసి గెలిచాననుకుంటే కుదరదు. గుడ్లు మిగిలే ఉంటాయి. పది రోజులకోసారి చొప్పున ఆరు వారాలు వెంటపడాలి. కుడుతున్నాయని వేరే గదిలోకి మారి పడుకోకూడదు. ఆకలైనవి అక్కడికీ వెతుక్కుంటూ వస్తాయి. అప్పుడు రెండు గదులూ వాటివే.

మందు లేకుండా చంపేది వేడి. నల్లి 48 డిగ్రీల వేడిలో ఇరవై నిమిషాలకు చస్తుంది. గుడ్డు చావాలంటే అదే వేడి గంటకు పైగా తగలాలి. బెజవాడ ఎండను అందరూ తిట్టుకుంటారు. ఆవిడ మాత్రం ఆ జనవరిలో మే నెల కోసం దుర్గమ్మకు మొక్కుకుంది! చలికాలం ఎండ చాలదు. మే నెలలో అయినా పరుపును ఊరికే ఎండలో వేస్తే పైవైపున్నవి కిందికి జారుకుంటాయి. నల్ల ప్లాస్టిక్ పట్టాలో చుట్టి ఎండబెడితే కాస్త ఫలితం. కాబట్టి మరుగునీళ్లే దిక్కు.

సంక్రాంతి ముందు ఆదివారం నాలుగిళ్ల మంచాలూ వీధిలోకొచ్చాయి. వరద తర్వాత మళ్లీ అదే దృశ్యం. పాత పరుపును పట్టాలో కట్టేసి, మరెవరూ పట్టుకుపోకుండా కత్తితో కోసి మరీ పారేశారు. దుప్పట్లు, గలేబులు, దోమతెరలు పొగలు కక్కే నీళ్లలో నానబెట్టి ఉతికారు. ఉతకలేనివి ఇస్త్రీ పెట్టెతో కుట్టు కుట్టూ కాల్చారు. మంచం నట్లు విప్పి పట్టెల సందుల్లో మరుగునీళ్లు పోశారు. స్విచ్చుబోర్డుల జోలికి మాత్రం నీళ్లు పోనివ్వలేదు, వాటి చుట్టూ టేపు అంటించారు. గోడ బీటలకు వైట్‌సిమెంటు పూశారు. అత్తగారు అరుగు మీద కూర్చుని, ‘అదిగో, ఆ కోడు... ఆ కోడు వదిలేశావ్’ అంటూ పెత్తనం చేసింది.

రాత్రికి మంచాన్ని గోడకు జానెడు దూరం జరిపి, కోళ్ల కింద గిన్నెలు పెట్టారు. ఖాళీ గిన్నెలు చాలవన్నారు పెద్దాయన. చలిదేశాల నల్లి నున్నటి గోడ ఎక్కలేక అందులోనే ఉండిపోతుంది. మన వేడిదేశపు నల్లి పాదాలకు పట్టు ఎక్కువ, ఎక్కేస్తుంది. 2017లో ఓ పరిశోధనలో తేలిన సంగతిది. అందుకని సబ్బునీళ్లు పోశారు. చీమలు పట్టకుండా అన్నం గంప కింద నీళ్లు పెట్టే పాత పద్ధతే అది.

పొద్దున్నే గిన్నెలు చూసి లెక్క క్యాలెండర్‌లో రాసేది ఆవిడ, పాల లెక్క పక్కన. మొదటి వారం 19. రెండో వారం 7. మూడో వారం 11! ఆవిడకు కాళ్లు చల్లబడ్డాయి. ‘అన్నీ ఆవగింజంతవేనా? అయితే గుడ్లలోంచి వచ్చిన పిల్లలవి. మళ్లీ నీళ్లు కాచండి’ అన్నారు పెద్దాయన. నాలుగో వారం 2. అయిదో వారం సున్నా. ఆరో వారమూ సున్నాయే.

ఏలూరుకు ఫోన్

మొదటి వారం లెక్క రాసిన రోజునే ఆవిడ ఇంకో పని చేసింది. ఏలూరుకు ఫోన్. ‘వదినగారూ, ఒక మాట చెప్పాలి. అమ్మాయిని అనుకున్న రోజుకు తీసుకురాలేను. ఓ నెల మీ దగ్గరే ఉంచుకోండి. మా ఇంట్లో... నల్లులు పడ్డాయి.’

అవతల కాసేపు మాట లేదు. ఆ తర్వాత గొంతు తగ్గించి వియ్యపురాలు అంది: ‘అయ్యో వదినగారూ, దానికంత ఇదవుతారేంటి! మావాడు హైదరాబాద్‌లో రూము ఖాళీ చేసొచ్చినప్పుడు మాకూ వచ్చాయి. రెండు నెలలు నానా చావూ చచ్చాం. పెళ్లి మాటలు నడుస్తున్నాయి కదా... మీకు తెలిస్తే ఏమనుకుంటారోనని నోరెత్తలేదు.’

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులో ఎన్ని రాత్రుల నిద్ర తిరిగొచ్చిందో వాళ్లకే తెలియాలి.

ఫిబ్రవరి మూడో వారంలో అమ్మాయి వచ్చింది. నెలాఖరుకు ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికి వచ్చిన చుట్టాల్లో ఎవరో మంచం కిందికి వంగి, ‘ఈ గిన్నెలేంటి పిన్నీ?’ అని అడిగారు.

బిడ్డకు పాలపీక అయినా పెట్టని, నీళ్లయినా పోయని ఆ గిన్నెల గురించి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. చీమలకని అన్నా నమ్ముతారు. ఆవిడ మాత్రం చీర ఉయ్యాల ఊపుతూ మామూలుగా చెప్పింది.

‘నల్లులకమ్మా. మొన్నటిదాకా ఉండేవి. మీ ఇంట్లో ఉంటే చెప్పు, ఏం చేయాలో చెప్తాను.’